నలభై మూడో పరికరం

జాబ్రియాలో మూడంతస్తుల విల్లా.
టేపు నా నడుముకి, నిచ్చెన ఇల్యాస్ భుజానికి.
అబూ మిషాల్‌ది ఒకటే మాట:
"అన్నిటికన్నా గట్టిది పెట్టు."
కొమ్ములెన్నుంటే అంత గట్టిదని ఆయన లెక్క.
ఎనిమిది యాంటెనాల రూటరు ఫొటో చూపించాడు,
వెల్లకిలా పడ్డ ఎండ్రకాయలా ఉంది.

నాకొచ్చిన అరబ్బీలో చెప్పాను.
బాబా, అరవడం ఏ రూటరైనా అరుస్తుంది,
మేడ మీది ఫోనుకి ఆ అరుపు వినబడుతుంది కూడా.
కానీ ఫోనుది చిన్న గొంతు.
దాని గొణుగుడు మళ్ళీ కిందికి చేరాలి కదా.
గీతలు నిండుగా కనిపిస్తాయి, మాట నడవదు.
పెద్ద నోరున్నది కాదు,
మంచి చెవులున్నది కొనాలి.
అదీ ఒక్కటి కాదు, నాలుగు. చిన్నవి. మనుషులకి దగ్గరగా.

ఆయన నవ్వి, గహ్వా పోయించాడు.

బల్ల మీద ఇంటి ప్లాను పరిచాం.
దివానియా, మజ్లిస్, మిషాల్ ఆటల గది,
ముసలమ్మగారి గది, జిమ్ము,
ఈతకొలను పక్కన బట్టలు మార్చుకునే గది,
అన్నిటికీ పేర్లున్నాయి.
వంటింటి వెనక ఒక చిన్న డబ్బాకి లేదు.
"ఇదేంటి?"
"స్టోరు."

స్టోరులో చాప ఉంది, ఇస్త్రీ బల్ల ఉంది,
రాయచోటి బట్టల కొట్టు క్యాలెండరు ఉంది.
కిటికీ ఊచకి రబ్బరు బ్యాండుతో కట్టిన ఫోను,
ఒక్క గీత కోసం అద్దానికి మొహం ఆనించి.

"అబ్బ, ఎంత మందంరా నాయనా ఈ గోడ" అన్నాను.
"అన్నా, తెలుగోళ్ళా మీరు?"
ఓబులమ్మ. మోచేతుల దాకా సబ్బు నురగ.
"ఈడిదాకా వస్తాదా అది?"

నాకు తెలిసిన జవాబు పొడుగుది.
అయిదు గిగాహెర్ట్జ్ కుర్రది, దూకుడెక్కువ,
ఒక్క గోడ అడ్డొస్తే చాలు, చతికిలబడుతుంది.
రెండు పాయింట్ నాలుగు ముసలి బండి.
నిదానంగా అయినా రెండు గోడలు దాటుతుంది,
కాకపోతే పక్కన మైక్రోవేవ్ తిరిగినంతసేపూ మూర్ఛపోతుంది.
ఇవేవీ చెప్పలేదు.
"చూద్దాంలే అక్కా" అన్నాను.

నాలుగో పెట్టె భోజనాల హాల్లో పెట్టమన్నాడు అబూ మిషాల్.
అక్కడ పెడితే వెనక గేటు కెమెరాకి అందదన్నాను.
అది నిజమే.
నిజం కాకపోయినా అనేవాణ్ణే.
ఫ్రిజ్‌కి అవతల, తలుపు మీద బిగించాం.

సాయంత్రం నెట్‌వర్క్‌ని మూడు ముక్కలు చేశాను:
ఇంటివాళ్ళకొకటి, చుట్టాలకొకటి, కెమెరాలకొకటి.
ఒకదానికొకటి కనబడకూడదు.
ఇటుకల్లేని గోడలు కట్టడం నా పని,
దానికే జీతం.
పాస్‌వర్డులు చీటీ మీద రాసి ఆయన చేతిలో పెట్టాను,
వంటింటి వైపు చూడకుండా.

మా ఫర్వానియా గదిలో ఆరుగురం.
రూటరు ఒకటే, ఎవరో వెళ్ళిపోతూ వదిలేసింది.
వెనక అల్యూమినియం మూత నిలబెడితే
బంకు మంచం పై వరుసకి అందుతుంది.
ఇల్యాస్‌ది కింది వరుస.

మూడు వారాలకి ఫోనొచ్చింది.
"నలభై రెండు పరికరాలు, నేనే లెక్కపెట్టాను.
ఇప్పుడు నలభై మూడంటోంది.
తెల్లవారి అయిదుకి వస్తుంది, పావుగంటకి పోతుంది.
ఎవరది?"

చూశాను. పేరు లేదు, అంకెలే.
వెనక గేటు పెట్టెని పట్టుకుని ఉంది.
ఇక్కడ అయిదంటే అక్కడ ఏడున్నర,
బడికి జడలేసే వేళ.
పాస్‌వర్డు మిషాల్ ఇచ్చాడో, ముసలమ్మగారిచ్చారో,
నేనడగలేదు.

"వాషింగ్ మెషీన్, బాబా" అన్నాను.
"ఇప్పటి రకాలు అంతే.
పని మొదలుపెట్టే ముందు
కాసేపు వాళ్ళ కంపెనీతో మాట్లాడుకుంటాయి."

"మాది పాత మెషీను" అన్నాడాయన.
తర్వాత ఏమీ అనలేదు.
ఫోను పెట్టేయనూ లేదు.
అటు ఏసీ హోరు, ఇటు నా ఊపిరి.

మర్నాడు అయిదుకి లేచి చూశాను.
నలభై మూడు.