కుక్కర్ ఆపి వెళ్ళిందా?

ఆ నవల మీద, మత్తికెరెలో మా ఇంట్లోనే,
ఒక ఆదివారం ముప్పావుగంట మాట్లాడాను.
"ఆమె ఇల్లు విడవలేదు,
ఇల్లే ఆమెను ఎప్పుడో విడిచింది" అన్నాను.
చప్పట్లు.
లోపల వకుళ కప్పులు లెక్కపెడుతోంది.
ఆ సంగతి ఇవాళే తెలిసింది నాకు.
డెబ్భై నాలుగో పేజీ అంచున, పెన్సిల్‌తో:
"పదకొండు మంది. కప్పులు తొమ్మిది. రెండు స్టీలు గ్లాసులు."

ఎప్పుడు చదివిందో!
నూట పన్నెండులో పసుపు వేలిముద్ర.
ఆ తర్వాత ఆవిరికి ఉబ్బిన కాగితాలు.
ఒకచోట రెండు పేజీలు అతుక్కుపోతే
గోరుతో విడదీశాను, ఆవగింజ రాలింది.
నవలంతా నిలబడే చదివినట్టుంది.

పక్కింటివాడు పెళ్ళాన్ని కొట్టిన చోట గీత లేదు.
నాకు కాస్త ఊరట, సిగ్గులేకుండా.
కథానాయిక మొగుడు, చాలా మంచివాడు,
"ఉప్పు డబ్బా ఏదీ?" అని మర్యాదగా అడిగిన చోట
పెన్సిల్ రెండుసార్లు నడిచింది.
కాగితం కొంచెం చిరిగింది కూడా.

పద్నాలుగేళ్లలో నేనెన్నిసార్లు అడిగానో
లెక్క ఆమె దగ్గరే ఉంటుంది.
లెక్కలన్నీ ఆమె దగ్గరే:
కావేరి నీళ్లు ఏ రోజు, సిలిండర్ ఎప్పుడు మార్చింది,
మా అమ్మ బీపీ మాత్ర ఏ రంగు.

చివరి పేజీలో ఆమె తలుపు తీసుకుని
వానలోకి వెళ్ళిపోతుంది.
ఆ పేరా చదువుతుంటే ఆ రోజు నా గొంతు జీరబోయింది.
దాని కింద వకుళ గుండ్రటి అక్షరాలు:
"కుక్కర్ ఆపి వెళ్ళిందా?"

తను ఆపే వెళ్ళింది.
ఆ మంగళవారం రెగ్యులేటర్ కట్టేసి ఉంది.
ఫిల్టర్‌లో డికాక్షన్ దిగి ఉంది, ఒకరికి సరిపడా.
తాగాను.
చీకటి పడ్డాక గానీ గమనించలేదు, ఆమె లేదని.

ఎల్లుండి మళ్ళీ సిద్దయ్య రోడ్డు, ఫ్యామిలీ కోర్టు.
పోయినసారి కౌన్సెలరమ్మ "ఏను తొందరె?" అంది.
కొట్టలేదు, తాగను, జీతం ఇచ్చేవాణ్ణి అన్నాను.
వకుళ కిటికీలోంచి
ఎవరిదో ఆరేసిన గొడుగు చూస్తోంది.

ఈసారి ఈ పుస్తకం తీసుకెళ్దామనుకున్నాను.
మళ్ళీ ముప్పావుగంట మాట్లాడతానేమో అని
షెల్ఫులో పెట్టేశాను.

ఉప్పు దొరికింది.
చక్కెర అని రాసి ఉన్న డబ్బాలో ఉంది.