లోపలి భుజం

ఆంటోఫగాస్తా దారిలో, బకెదానో దాటాక,
పాత టైరొకటి సగం పాతిపెట్టి ఉంటుంది.
దాని మీద పేరు లేదు, తెల్లరంగు బాణం మాత్రమే.
ఆ బాణం చూపే రేకుల కొట్టు నోల్వియాది.
అక్కడ నేను పానాలు అందించేవాణ్ణి.
ఒరూరో నుంచి కొండ దిగి వచ్చిన కొత్తలో
నాకు టైరంటే గుండ్రటిది, నల్లటిది. అంతే.

వాన మొహం ఎరగని నేల అది.
తెల్లవారుజామున చలికి జాకీ చేతికి అతుక్కునేది.
గాలి కొలవాల్సింది అప్పుడేననేది నోల్వియా.
"పరుగెత్తి వచ్చినవాడి ఒళ్ళు ముట్టుకుని
జ్వరమంటే ఎట్లా?"

ఆమె చూసేది తక్కువ, తడిమేది ఎక్కువ.
జోడు టైర్లలో ముందు లోపలిదాన్ని,
ఎవడి చెయ్యీ దూరడానికి ఇష్టపడనిదాన్ని.
బయటి నుంచి లోపలికి, మళ్ళీ లోపలి నుంచి బయటికి.
అటు పోతే పిల్లి వీపు,
ఇటు తిరిగొస్తే రంపం.
అప్పుడు చక్రం పక్కచూపులు చూస్తోందని అర్థం.
నడుమ అరిగితే తిండి ఎక్కువైంది,
రెండంచులూ అరిగితే పస్తులుంది.
మిట్టా పల్లం, మిట్టా పల్లం తగిలితే
"షాక్ అబ్జార్బరు పోయి నెలలైంది,
ఎవరూ ఏడ్చినట్టు లేదు" అనేది.

ఎవరిస్తో ఒక సాయంత్రం వచ్చాడు,
కాలమా నుంచి రాగి పలకల బరువుతో.
ట్రెయిలరు రెండో ఇరుసు, ఎడమ పక్క, లోపలి టైరు.
లోపలి భుజం నున్నగా గుండు,
బయటి భుజం మీద గాడులు నిన్న కొన్నట్టే.
"ఈ ఏడాది మూడోది. టైర్ల కంపెనీవాళ్ళు దొంగలు."

నోల్వియా జవాబివ్వలేదు. కుడివైపు నడిచింది.
అక్కడ అరిగింది బయటి భుజం.
"రెండూ ఒకే దిక్కుకి తిరిగి అరిగాయి," అంది,
చాప పరిచి ఇరుసుల కిందికి దూరింది.
టేపు ఒక కొస నాకిచ్చింది.
ఇరుసు నుంచి ఇరుసుకి, ఎడమన ఒకసారి, కుడిన ఒకసారి.
పదకొండు మిల్లీమీటర్ల తేడా.
నా చిటికెన గోరంత.

"ఎక్కడ గుద్దావు?"
"ఎక్కడా లేదు."
టీ చల్లారింది. గాలికి రేకు టపటపలాడింది.
"జూన్‌లో," అన్నాడు చివరికి, "మెహియోనెస్ రేవులో,
రాత్రి రివర్సు తీస్తూ, సిమెంటు గట్టుకి.
దీపాలన్నీ వెలుగుతూనే ఉన్నాయి. నేనే మూతపడ్డాను."

నాలుగు నెలలు! ఎండ్రకాయలా
ఎడారిని అడ్డంగా దాటుతున్నాడు మనిషి.
స్టీరింగు రవ్వంత ఎడమకి పట్టి పట్టి,
సముద్రపు గాలి నెడుతోందనుకుని,
రాత్రిళ్ళు భుజానికి కర్పూరతైలం రాసుకుని.

బోల్టు విప్పితే రబ్బరు బుష్
పాత రొట్టెలా పొడిపొడిగా నా ఒళ్ళో రాలింది.
"యజమానికి చెప్తావా?"
"బిల్లులో బుష్ అని రాస్తాను. మారింది బుష్షే కదా."
ఇరుసు సరిచేసి, టైరు చెంపన సుద్దతో తారీఖు వేసింది.
"నాలుగు వేల కిలోమీటర్లకి రా."

వచ్చాడు. ఆ రోజు నోల్వియా లేదు,
కంటి పొర తీయించుకోవడానికి కాలమా వెళ్ళింది.
నేనే మోకాళ్ళ మీద కూర్చుని,
అరచెయ్యి ప్యాంటుకి తుడుచుకుని లోపలికి పోనిచ్చాను.
బయటి నుంచి లోపలికి.
లోపలి నుంచి బయటికి.
ఎవరిస్తో ఏమీ అడగలేదు, టోపీ తీసి పట్టుకున్నాడు.
ఇంకోసారి తడిమాను, అవసరం లేకపోయినా.
సుద్ద తారీఖులో ఒక అంకె మాత్రం మిగిలి ఉంది.

"గాలి ఐదు పౌండ్లు తక్కువుంది," అన్నాను.
"పొద్దున చలిలో రా. ఇప్పుడు కొలిస్తే అబద్ధం చెప్తుంది."