ఒక సైజు పెద్దవి

కుతాయిసీలో బయల్దేరేముందు
స్టోర్‌రూములో దొరికాయి ఆ బూట్లు.
కొండలెక్కే జత, మడమ దగ్గర కాస్త అరిగింది.
"వేసుకో, ఊరికే పడున్నాయి" అన్నాడు నుగ్జార్,
ఎవరివో చెప్పకుండా.
చెప్పాల్సిన పనేముంది,
ఆ ఇంట్లో సగం వస్తువులు ఊరికే పడున్నవే.
నాకు ఒక సైజు పెద్దవి.
రెండు జతల మేజోళ్ళు తొడిగాను.

ఆవిడ ఇప్పుడు ఇటలీలో, బారీలో ఉంటుంది,
సముద్రం కనపడే మూడో అంతస్తులో
మంచం పట్టిన ఎవరి తల్లికో సూపు తాగిస్తూ.
అక్కడ ఈ బూట్లతో పనిలేదు.

తంతాకి పదమూడేళ్ళు.
నన్ను ఏమని పిలవాలో తేలక
పిలవడమే మానేసింది.
వ్యాను ఎంగురి ఆనకట్ట దాటేలోగా
బాచో మూడుసార్లు వాంతి చేసుకుంటే
నీళ్ళసీసా నా వైపు తోసింది గాని
మొహం చూడలేదు.
దాని చూపంతా నా కాళ్ళమీదే.

మెస్తియాలో మేం దిగిన ఇంటాయన ముర్జాకాన్.
ఇంటిని ఆనుకుని రాతి బురుజు,
పగలూ ప్రతీకారాల కాలం నాటిది,
ఇప్పుడందులో బంగాళాదుంపలూ ఒక విరిగిన సైకిలూ.
తెల్లారే మాంసం కూరిన రొట్టెలు గుడ్డలో చుట్టి,
వెల్లుల్లి నూరిన ఉప్పు పొట్లం చేతిలో పెట్టి
"మంచు దగ్గర కేకలు పెట్టకండి" అన్నాడు.
"కోపమొస్తుందా దానికి?" బాచో అడిగాడు.
"కోపమేం లేదు. రాళ్ళు దొర్లేది మీకు వినపడదు."

వేలాడే వంతెన ముందు
పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతూ కాపలా కుర్రాడొకడు
మా పేర్లు నోటుబుక్కులోకి ఎక్కించాడు.
ఇర్మా, అని రాసి
పక్కన తల్లి, అని రాశాడు, అడక్కుండానే.
తంతా తలకిందులుగా చదివింది.
దిద్దలేదు.

కింద నది పోస్టుకార్డు నీలం కాదు,
సిమెంటు కలిపిన బక్కెట్టు కడిగిన నీళ్ళు.
వంతెన పలకలు ఊగుతుంటే
నుగ్జార్, అంత మనిషి,
తీగ పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.
వాడి బెల్టు పట్టుకుని బాచో నడిపించాడు.

పైన్ అడవిలో గంటసేపు.
తర్వాత చెట్లు ఒక్కసారిగా వెనకే ఉండిపోయాయి.
రాళ్ళు, రాళ్ళు, మళ్ళీ రాళ్ళు.
"మంచేది?" అన్నాడు బాచో ఏడుపు గొంతుతో.
"నువ్వు నిలబడ్డది దానిమీదే" అంది తంతా.
బొగ్గులారీ బోల్తాపడ్డంత నలుపు.
ఒక్కచోట మాత్రం పగిలి,
లోపల గ్యాసుపొయ్యి అడుగున వెలిగే నీలం.
ఎవరో ఫ్రిజ్ తలుపు వేయడం మరిచినట్టు
చల్లగాలి, మోకాళ్ళ దాకా.

ముందుకి వంగి చూస్తున్నాను.

"ఇర్మా!"

వెనక్కి జరిగానో, లాగబడ్డానో.
నేనున్న చోటు పక్కగా
కుండంత రాయి ఒకటి దొర్లుకుంటూ పోయి
నీలంలో పడింది. చప్పుడు చాలాసేపటికి వచ్చింది.

కేకలు పెట్టొద్దన్నాడు కదా, అందామనుకున్నాను.
నోరు పెగల్లేదు.
తంతా అప్పటికే నేలమీద కూర్చుని
ఊడిపోయిన నా బూటు తాడు అందుకుంది.
"ఇవి ఇలాగే జారతాయి. అమ్మ రెండు ముళ్ళేసేది."
రెండు ముళ్ళు వేసింది.
ఆగింది.
మూడోది కూడా వేసింది, గట్టిగా, కోపంగా.
తర్వాత ఫోను తీసి
మోకాళ్ళ కింద నుంచి ఫోటో తీసింది:
రెండు బూట్లు, కాస్త మంచు.

రొట్టెలు చల్లారిపోయాయి. ఉప్పు మాత్రం బావుంది.
బాచో జేబులో దాచిన మంచుముక్క
వాడి లాగు తడిపి,
అందరి చేతా నవ్వించుకుని పోయింది.

సాయంత్రం వంతెన దగ్గర సిగ్నల్ తగిలింది.
తంతా ఫోటో పంపింది.
ఏం రాసిందో నాకు కనపడకుండా తిరిగి నిలబడి.
జవాబు వెంటనే వచ్చింది. ముసలామె పడుకునే వేళేమో.

చాలాసేపు చదువుకుంది, ఒక్క లైనే అయినా.
ఆ తర్వాత నా వైపు చూడకుండానే
నదికి చెప్పినట్టు చెప్పింది:
"తోలు పగుళ్ళొస్తోంది, నూనె రాయమంది.
నీకే చెప్పమంది."

మడమల దగ్గర రెండు బొబ్బలు చితికి మండుతున్నాయి.

"ఏ నూనో అడుగు" అన్నాను.