ఎంగిలి వెలుగు

పొన్సియానో గారూ,
ఈ చప్పుడులో మీకేమీ వినబడదు,
అందుకే ఇప్పుడు చెబుతున్నాను.

ముప్పైయొక్క ఏళ్ళు మీరు తవ్విన తెల్లమట్టి
లారీలెక్కి, తొట్లలో నాని, ఊదారంగు ఆవిరై,
ఓడ దిగి, ఏయే దేశాలో తిరిగి,
చిన్న సీసాలో కూర్చుని,
మొన్న రాత్రి కలామా ఆసుపత్రిలో
మీ మోచేతి మడత దగ్గర
మీలోకే వచ్చి చేరింది.
ఒళ్ళంతా వేడి పాకిందట,
నోట్లో పాత నాణెం రుచి అన్నారట.

సీటీ వాళ్ళకు కావలసింది అదే.
కిరణానికి అడ్డంగా నిలబడే మొండితనం.
రక్తం ఏ దారిన నడుస్తోందో
ఏ దారిన ఆగిందో చూపిస్తుంది.
పని అయ్యాక పొమ్మంటే
పోవడానికి కిడ్నీలు దారివ్వాలి.
మీవి ఎడారిలో పొదుపు నేర్చినవి,
దేన్నీ తొందరగా వదలవు.

అంబులెన్సు రాత్రంతా కొండలు దిగి
తెల్లారేసరికి అంతోఫగాస్తాలో, సముద్రం పక్కన,
నా బల్ల మీద మిమ్మల్ని పడుకోబెట్టింది.
వెంట ఒక కాగితం.
"కాంట్రాస్టుతో" అని ఒక్క మాట.
ఎప్పుడు, ఎంత, ఏమీ లేదు.

బొమ్మ వచ్చింది.
మెదడు మడతల్లో నల్లగా ఉండాల్సిన నీరు
తెల్లగా మెరిసింది,
ఉతికిన చొక్కా మడతల్లో మిగిలిన సబ్బులా.

"రక్తం" అన్నాడు డాక్టర్ ఒలగారాయ్.
కాసేపాగి "లేదా చీము."
నడుములో సూది గుచ్చుదామన్నాడు,
గడ్డకట్టనివ్వని మందు ఆపేద్దామన్నాడు.
నేను నీళ్ళు నమిలాను.
తీయడం నా పని, చదవడం ఆయన పని,
పద్దెనిమిదేళ్ళుగా ఆ గీత తొక్కలేదు.

అయస్కాంతానికి అయొడిన్ కనబడదు,
చదువుకునే రోజుల్లో అలాగే రాసుకున్నాను.
అది వినేది నీటి గొంతునే.
ఆ గొంతు సరిగ్గా మూగబోయే క్షణం లెక్కగట్టి
అప్పుడు తీస్తాం బొమ్మ.
కానీ కొత్త మనిషి ఎక్కిన బస్సులో
మన మాట మారదూ?
మందు కలిసిన నీరు
లెక్క ప్రకారం మూగబోదు,
ఆ క్షణానికే నోరు తెరిచేస్తుంది.

వరండాలో మీ మనవరాలు నయారెత్
చల్లారిన టీ పట్టుకుని కూర్చుంది.
"ఆ ఇంజెక్షన్ ఎన్నింటికిచ్చారమ్మా?"
తెలీదంది. ఏడ్చింది. ఫోను తీసింది.
మామయ్యకు పంపిన మెసేజి చూపించింది:
తాత నోట్లో నాణెం రుచంటున్నాడు.
పదకొండూ నలభై.
నేను బొమ్మ తీసింది ఏడూ పదిహేనుకి.

గీత తొక్కాను.
"డాక్టర్, మనం చూస్తున్నది
నిన్నటి పరీక్ష ఎంగిలేమో."
ఆయన కోప్పడలేదు.
మళ్ళీ చూశాడు, కళ్ళజోడు తీసి చూశాడు,
మీ కిడ్నీల లెక్క తెప్పించి చూశాడు.
"ఒక్క రోజు ఆగుదాం. కనిపెట్టుకుని ఉండండి."

ఆ ఒక్క రోజు నాకు నిద్ర లేదు.
అది నిజంగా రక్తమే అయితే?
మా వంటింట్లో నిలబడి
ఒక గ్లాసు నీళ్ళు దీపానికి ఎదురుగా పట్టి చూశాను.
నీళ్ళలో ఏముందో నీళ్ళు చూస్తే తెలిసేదైతే
నాకీ ఉద్యోగమే ఉండదు.

ఇప్పుడు వస్తోంది రెండో బొమ్మ.
మడతలు ఒక్కొక్కటే నల్లబడుతున్నాయి.
మీ మట్టి మీలోంచి వెళ్ళిపోయింది,
సీసాలో వచ్చినది మూత్రంలో పోయింది.
ఎవరూ సూది గుచ్చలేదు.

ఎడమ వైపు లోతుగా మాత్రం
జొన్నగింజంత తెలుపు అలాగే ఉంది.
అది మందు కాదు.
మీ కుడిచేతిలోంచి చెంచా జారడానికి కారణం అదే.
దాన్ని ఏ కిడ్నీ బయటికి పంపదు.
ఈ సంగతి నయారెత్‌కి డాక్టరు చెబుతాడు,
నేను పక్కన నిలబడతాను.

కాగితం మీద రాస్తున్నాను:
మందు పేరు, ఎన్ని మిల్లీలీటర్లు, ఏ రోజు,
పదకొండూ నలభై.
నలభై కింద రెండు గీతలు.
తరవాత మిమ్మల్ని చూసేవాళ్ళు
నా మొహం చూడరు, ఇదే చూస్తారు.

కదలకండి, పొన్సియానో గారూ.
ఇంకో నాలుగు నిమిషాలు.