మూడో గేరు లెక్క

డబ్బా మీద ఎర్ర గుర్రం బొమ్మ.
దాని కింద: పన్నెండు గుర్రాలు అదనం.
కొమురెల్లి దాన్ని చంకల పెట్టుకొని వచ్చిండు,
పెండ్లి కార్డు ఇయ్యవచ్చినోని లెక్క.
"బిగియ్యన్నా" అన్నడు. బిగించిన.
నాలుగు బోల్టులు, రెండు క్లిప్పులు,
ఒక చాయ్ చల్లారేంత సేపు.

ఆటోనగర్‌ల నా షెడ్డుకు
గుర్రాలను తూకమేసే మిషన్ లేదు.
ములుగు రోడ్డుంది.
తెల్లారగట్ల నాలుగింటికి, గూడెప్పాడ్ దాటినంక
లారీలు పల్చబడే కాడ ఒక తిన్నటి ముక్క.
మూడో గేరు. నలభై నుంచి నూరు.
పక్క సీట్ల నసీమా, ఫోనుల గడియారం, దాని మీద బొటనవేలు.

పెట్టకముందు పద్నాలుగు సెకన్ల రెండు.
పెట్టినంక పద్నాలుగు సెకన్ల మూడు.

ఇంకోసారి పోదామన్నడు. పోయినం. అదే పద్నాలుగు.
చప్పుడొక్కటే పెరిగింది,
ఇంజను గొంతు సవరించుకొని
ఏం చెప్పాల్నో మర్చిపోయినట్టు.
"బానెట్ కింది వేడిగాలినే పీలుస్తది గదా" అన్నది నసీమా,
"మే నెలల, పట్టపగలు, రేకుల కింద పండుకున్నోడు
ఏం ఉరుకుతడు?"

తర్వాత సైలెన్సరు. లావుపాటి స్టీలు గొట్టం, పద్నాలుగు వేలు.
గిర్మాజీపేటల వాళ్ల గల్లీ కుక్కలన్నీ లేచినయి.
ఫోనుల అంకె లేవలేదు.

ఆదివారం రాత్రి ఒక్కన్నే కూసొని
ముందు బంపరు ఊడదీసిన.
నాలుగు సీజన్లు ఎనుమాముల యార్డు చుట్టూ తిరిగిన బండి,
అడ్తిదార్లను, వాళ్ల చిట్టా పుస్తకాలను మోసిన బండి.
జాలీ మీద పత్తి నూగు దుమ్ముల కలిసి
గొంగడి నేసుకున్నది.
లోపల టర్బో రబ్బరు గొట్టానికి
చిటికెన వేలు పట్టేంత చీలిక.
ఊదిన గాలి ఊదినట్టే అక్కడ జారిపోతుంది,
ఎన్నటి సందో.

గొట్టానికి ఆరు వందల యాభై.
నూగుకు నీళ్లు, మెత్తటి బ్రష్షు, నా నడుము.
పన్నెండు సెకన్ల నాలుగు.

కొమురెల్లి నవ్వలేదు.
"కొత్తయి రాలేదు గదన్నా, పోయినయే వచ్చినయి."
మా నాయిన, తప్పిపోయిన బర్రె దొరికిన నాడు
కొన్న నాటి కంటె ఎక్కువ మురిసిండు.
అది చెప్పుదామనుకొని
కింద పడ్డ నట్లు ఏరుకున్న.

నసీమా స్టీరింగు కింద వైరు గుచ్చి
ల్యాప్‌టాప్ ఒళ్లె పెట్టుకున్నది.
డీజిలు ఎంత, గాలి ఎంత, ఏ తిరుగుడు కాడ ఎంత,
కూరల ఉప్పు చూసినట్టు, నాలిక మీద చుక్క చుక్క.
మధ్యల కరెంటు పోయింది.
ముగ్గురం ఊపిరి బిగబట్టినం, బ్యాటరీ ఆదుకున్నది.
"ఇంకింత పెంచరాదు?" అన్నడాయన.
"నల్లపొగ తాగుతవా?" అన్నది తల ఎత్తకుండనే.

పది సెకన్ల తొమ్మిది.
కొమురెల్లి అద్దం దించి చీకట్లెకు కేక పెట్టిండు.
మూడోసారికి
ఇంజను ఉరికింది, బండి ఉరకలేదు.
క్లచ్చు మాడిన వాసన.
ఇంకో పదకొండు వేలు.

షెడ్డు గోడకు పెన్సిలు లెక్క ఇంకా ఉంది:
బండి బరువు, వేగం, సెకన్లు,
ఆమె గుణించి భాగించి కొట్టేసి మళ్ల రాసిన గీతలు.
"మొత్తం ఎన్ని గుర్రాలమ్మా?"
"పన్నెండు. ఒకటి అటో ఇటో."

డబ్బా వైపు ఎవ్వరం చూడలేదు.
ఇప్పుడు అండ్ల వాషర్లు ఉంటున్నయి.

కొమురెల్లి యార్డు గేటు కాడ
పత్తి ట్రాక్టర్ల ఎనుక రెండో గేరుల పాకుతనే ఉన్నడు.
నెలకోసారి నా దగ్గరకొచ్చి, స్టూలు వేసుకొని,
ఏమీ అడగడు,
జాలీల నుంచి ఒక్కొక్క నూగు పోగు ఏరుతడు,
బిడ్డ తలల పేండ్లు చూసినట్టు.