ముందుచూపు

ఆమె బొటనవేలు భుజం మీదుగా వెనక్కి వెళ్లింది.
"అక్కడ," అంది.
లెన్నార్ట్ గారు తల తిప్పి చూశారు.
మట్టిగోడ. గోడకి ఆన్చిన మగ్గం. ఒక కోడి.

పదిహేడో ప్రశ్న: రాబోయే ఐదేళ్లకు మీ ఆలోచన ఏమిటి?
దాన్ని స్పానిష్‌లోంచి ఐమారాలోకి దించాను,
గాడిద మీంచి బస్తా దించినట్టు.
ఎక్కడో కొంచెం ఒలికే ఉంటుంది.
బసీలియా కలిసాయ జవాబు మాత్రం ఒలకలేదు:
రేపు వీపు వెనక ఉంటుంది, కనబడదు.
కనబడేది నిన్న. అది ఎదురుగానే ఉంది
సరస్సంత వెడల్పుగా, ఎండలో.
మా మాటలో కంటికీ గతానికీ ఒకటే పేరు.

ఆయన టేపు ఆపి రాసుకున్నారు.
తలకిందుల రాత చదవడం నాకు అలవాటే:
"ఈ జనానికి ముందుచూపు లేదు."

ఎవరి ముందు?
అడగలేదు.
నాకు కూలి ఇచ్చేది ఆయన ప్రశ్నలకి, నావాటికి కాదు.

తర్వాత ఆమె తండ్రి సంగతి. గనిలో పోయాడు.
ఏ ఏడు? ఏ నెల?
ఆమె వాక్యం చివర ఒక చిన్న తోక:
పోయాడట.
ఆ రోజు తను అమ్మ వీపున మూటలో ఉంది.
చూడనిదాన్ని చూసినట్టు చెబితే
మావాళ్లలో అది అబద్ధం కిందే లెక్క,
నిజమే అయినా సరే.
ఆయన రాశారు: "వివరాల్లో స్పష్టత లేదు."

మధ్యాహ్నం ఉడికించిన చూన్యో పెట్టింది,
నల్లగా, గులకరాళ్లలాంటి ఎండు బంగాళాదుంపలు.
ఆయన రెండు తిని
మర్యాదకి మూడోది జేబులో వేసుకున్నారు.
"పొద్దుట్నుంచీ రాస్తున్నాడు కదా," అంది బసీలియా,
"మన గురించి ఏం రాశాడు?"

లెన్నార్ట్ గారు మంచి మనిషే. దాచలేదు.
చదివి వినిపించమని నోట్‌బుక్ నా చేతికిచ్చారు.
నోరు తెరిచాను. మూసుకున్నాను.
స్పానిష్‌లో ఆ వాక్యానికి చుక్క పెడితే చాలు.
మాకు చుక్క సరిపోదు.
చూశావా? ఎవరో చెబితే విన్నావా?
అది తేల్చకుండా క్రియ నోటి గడప దాటదు.

బడిలో ఐమారా మాట్లాడినందుకు
నాలుగేళ్లు అరచేతుల మీద బెత్తం తిన్నవాణ్ణి.
టీచరమ్మ కూడా ఇదే అనేది, ముందుచూపు లేదని.
నమ్మాను.
లా పాజ్ వెళ్లి బూట్లు కొనుక్కున్నాను,
ఇంటిపేరు కూడా మార్చి రాసుకున్నాను.

చివరికి తోక తగిలించాను:
"మనకి ముందుచూపు లేదట."

ఆమె నవ్వలేదు.
"ఎవరు చూశారట?" అంది.
ఆ మాటని స్పానిష్‌లోకి దించేసరికి
సగానికి పైగా ఒలికిపోయింది.
ఆయన మెచ్చుకోలుగా తలూపి
కొత్త పేజీ తిప్పారు.

పొద్దు వాలింది.
ఆయన కూర్చున్న బస్తా మీంచి
కాస్త లేవమని సైగ చేసింది బసీలియా.
రాత్రి వంటకి నాలుగు దోసిళ్లు తీసుకోవాలి.
ఆరేళ్ల కిందటి మంచులో ఎండబెట్టిన చూన్యో.
ఇంకో ఆరేళ్లు ఉంటాయట.

ఇంకా చూడలేదు కదా.