ఆరు దాటితే

ఆరు గంటలకి నా నోటికి తాళం.
అదే ఆరు గంటలకి బండి తాళం తీస్తాను.

కేజీహెచ్‌లో కుర్ర డాక్టరమ్మ
మందుల చీటీ ఎనకాల గడియారం బొమ్మ గీసింది.
పది నుంచి ఆరు దాకా పెన్నుతో నలుపు నింపి
"తింటే ఈ నలుపులోనే తిను పైడమ్మా,
మిగతాదంతా మంచినీళ్లే" అన్నాది.
సూస్తే మూడొంతుల్లో రెండొంతులు తిండే!
దీనికేటి కష్టం అనుకున్నాను.
ముల్లు రోజుకి రెండు సుట్లు తిరుగుతాదని
ఆ రాత్రి తెలిసింది.

ఎనభై రెండు కిలోలు మరి.
ఇల్లు కొండ మీద, నూట పన్నెండు మెట్లు.
యాభయ్యో మెట్టు కాడ కూకుండిపోతే
ఎనకాలొచ్చినోళ్లు బిందెలు దించుకుని
నా కోసం ఆగీవోరు.

బీచిలో నా బండి పక్కనే సబ్‌మెరైను.
ఒడ్డుకొచ్చిన కాణ్నుంచీ దానికి తిండి లేదు,
పొట్ట ఇంచీ తగ్గలేదు.
మొదటి వారం దాన్ని సూస్తే ఒళ్లు మండిపోయీది.
నూనె సలసలమంటే నా కడుపూ సలసలమనీది.
పనికుర్రోడి గెడ్డానికి శెనగపిండి అంటుకుంటే
ఆడినే తినీసేలాగ సూసీదాన్ని.

ముప్పై ఏళ్లు
మొదటి బజ్జీ నా నోట్లోనే పడీది.
ఉప్పు సరిపోనాదా, వాము తెలుస్తందా అని.
మొదటిదని సెప్పుకోడమే గాని
రాత్రి మూకుడు దించీసరికి పదో, పదకొండో.
ఒంటి మీదున్న కండంతా
రుసి సూసిన కండే.

ఇప్పుడు రుసి సూడ్డానికి సనపల మేస్త్రి.
డాక్‌యార్డులో ఫిట్టరుగా సేసి దిగిపోయిన మనిషి.
బోల్టు బిగువు సూసినట్టు
పంటి కింద మిరపకాయ అదిమి, కళ్లు మూసి
"రవ్వంత తక్కువ" అంటాడు.
రవ్వంత ఏస్తాను.
ఇంకో ముక్క కొరికి సెయ్యూపుతాడు.
అప్పుడు గాని ఇంకోడికి పొట్లం కట్టను.

మూడో నెల
కిరాణా కొట్లో బస్తాలు తూసీ కాటా ఎక్కేను.
డెబ్బై ఐదు.
కొట్టాయన నమ్మక రెండోసారి ఎక్కించేడు.
ఆయన సేతే ఏడు కిలోల పిండి తూయించి
సంకనెట్టుకుని మెట్లెక్కేను.
యాభయ్యో మెట్టు కాడ మళ్లీ కూకున్నాను,
ఆ సంచీ ఒళ్లో ఎట్టుకుని.
ఇదా, ఇన్నాళ్లూ నా మోకాళ్లు మోసింది?
తిట్టబుద్ధి కాలేదు. మెల్లగా తట్టేను.

తరవాత నాలుగు రోజులు మేస్త్రి రాలేదు.
ఉప్పు ఏసిన సెయ్యి ఒణికీది.
తినీవోళ్ల మొకాలు సూసీదాన్ని.
ఒకమ్మాయి మూతి ముడిస్తే
అది ఉప్పుకో, పక్కనున్న పిల్లోడి మాటకో తెలీదు.
పనికుర్రోణ్ని తిని సెప్పమంటే అన్నీ బాగున్నాయంటాడు.
ఆడికి పదహారేళ్లు,
ఆడికి రాయి ఏయించి ఇచ్చినా బాగుంటాది.

ఐదో రోజు ఒచ్చేడు.
గోడ మీద కూకున్నాడు, కొంచెం నీరసంగా.
ఏడేడి బజ్జీ కాయితంలో ఎట్టి ఇయ్యబోతే
సెయ్యి అడ్డం ఎట్టేడు.
"మా డాక్టరూ గడియారం గీసీసేడమ్మా."

ఎంత నవ్వేనంటే
మూకుట్లో బజ్జీలు మాడిపోయాయి.
ముల్లు రెండు సుట్లు తిరుగుతాది మేస్త్రీ,
ఆ సంగతి ముందే సెప్తన్నాను అన్నాను.
ఆయన గంట కాసి గుటకలు మింగుతా
ఊళ్లో జనం తినడం సూసేడు.

ఎనిమిదిన్నరకి సముద్రం గాలి తిరిగింది.
ఊరికే నోరు మూసుకుని ఉన్నా
పెదాల మీద సన్నటి ఉప్పు ఎట్టి పోతాది.
మేస్త్రి నాలిక్కొసతో ఒకసారి తడిపి
కళ్లు మూసి
"సరిపోనాది" అన్నాడు.

ఇది లెక్కలోకొస్తాదేటో
సోమవారం డాక్టరమ్మని అడగాల.